కువైట్‌కు వెళ్లని కాల్: నా అనుభవం

కావలిలో మా అమ్మ వాడే ప్రీపెయిడ్ ఫోనులో అపరిమిత కాల్స్ ప్యాక్ ఉన్నప్పటికీ, కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్న తమ్ముడికి కాల్ కలిసేది కాదు, మెసేజీ చేరేది కాదు. ఫోనే పాడైందనుకున్నాము. విచారించగా, ఆ ప్యాక్ దేశం లోపలి కాల్స్‌కే పరిమితమని, రోజుకు ఇచ్చే 100 ఉచిత మెసేజీలు కూడా విదేశాలకు వర్తించవని, రెండింటికీ మెయిన్ బ్యాలెన్స్ నుంచే డబ్బు పోతుందని తెలిసింది. అమ్మ బ్యాలెన్స్ చూస్తే ముప్పై ఏడు పైసలు! టాప్‌అప్ వేయించి, ఐఎస్‌డీ (విదేశాలకు కాల్ చేసే) సౌకర్యం పెట్టించి, సేవ్ చేసిన ఎనిమిది అంకెల నంబరుకు ముందున్న ఇండియా కోడ్ +91 తీసేసి, కువైట్ కోడ్ +965 చేర్చాను (ఆ తప్పు పెట్టింది బహుశా నేనే). ఇక్కడికంటే అక్కడ రెండున్నర గంటలు వెనుక కనుక, వాడు డ్యూటీ దిగే ఏడు గంటలకు సరిపోయేలా అమ్మ రాత్రి తొమ్మిదిన్నరకు చేస్తోంది.