వానల్లో మాకరాన్లు చేస్తున్నారా? ఒక చేత బీటర్, ఒక చేత పాకం వద్దు

మొన్న మా బరంపురంలో తెలిసినవాళ్ళ కోడలికి ముంజేయి కాలింది. రాఖీ పున్నమికి మాకరాన్ల (బాదం పొడి, గుడ్డు తెల్లసొనతో చేసే ఫ్రెంచ్ మిఠాయి) బాక్సులు ఆర్డర్ తీసుకుంది. కుడిచేతిలో బీటర్ తిరుగుతోంది, ఎడమచేతిలో పట్టకారుతో పాకం గిన్నె. కింద గిన్నె జరిగింది, పాకం చేతి మీద పడింది. గాజుల కింద చేరి అక్కడే అంటుకుపోయింది. వంట రాని పిల్ల కాదు, సంక్రాంతికి అరిసెల పాకం పట్టేది ఆ ఇంట్లో తనే. ఇలా కాల్చుకున్నవాళ్ళను ఇంతకుముందూ చూశాను. ప్రతిసారీ తప్పు అదే. అందుకే ఇది రాస్తున్నాను. ఓవెన్ గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

ముందు, ఈ ప్రమాదం వానల్లోనే ఎందుకు ఎక్కువో చూడండి.

మనం ఇంట్లో మొదట నేర్చుకునేది ఫ్రెంచ్ పద్ధతి. గుడ్డు తెల్లసొనను పంచదారతో నురగ వచ్చేలా గిలకొట్టి, బాదం పొడి, ఐసింగ్ షుగర్ కలిపి, ట్రేలో చిన్న చిన్న బిళ్ళలుగా పెట్టి, అరగంట నుంచి గంట దాకా ఆరనిస్తాం. పైన పల్చటి పొర కట్టాలి. ఆ పొర ఉంటేనే ఓవెన్‌లో లోపలి ఆవిరి పైకి పోలేక అడుగు అంచు నుంచి బయటికొస్తుంది, అడుగున కుచ్చుల్లాంటి అంచు వస్తుంది, దాన్నే పాదం అంటారు. గోపాల్‌పూర్ సముద్రం వైపు నుంచి తడిగాలి వీచే రోజుల్లో గంటన్నర ఆరబెట్టినా వేలికి అంటుకుంటూనే ఉంటుంది. అలాగే ఓవెన్‌లో పెడితే పైన పగులుతుంది, పాదం రాదు. బాదం ధర తెలిసినవాళ్ళకు ఆ ట్రే చూస్తే కడుపు మండుతుంది.

అప్పుడు ఫోన్ తీసి వెతుకుతాం. 'ఇటాలియన్ పద్ధతి చేయండి, వానాకాలంలో కూడా నిలుస్తుంది' అని ఏదో వీడియోలో చెబుతారు. అబద్ధం కాదు. పంచదార పాకం 118 డిగ్రీలకు వచ్చాక, గిలకొడుతున్న తెల్లసొనలో సన్నటి ధారగా పోస్తే నురగ గట్టిపడుతుంది, త్వరగా జావగారదు. కానీ ఆ వీడియోలో ఉన్నది స్టాండ్ మిక్సర్. గిన్నె దానికే బిగించి ఉంటుంది, బీటర్ దానంతట అదే తిరుగుతుంది, మనిషికి రెండు చేతులూ ఖాళీ. మన దగ్గర ఉన్నది చేతిలో పట్టుకునే బీటర్. వీడియోలో రెండు చేతులకూ చెందిన పని మనం ఒక్క చేతికి అప్పజెబుతున్నాం. అదీ చెవుల్లేని స్టీల్ గిన్నెను పట్టకారుతో పట్టుకుని.

అరిసెల పాకం మనకు అలవాటే కదా అనుకోవద్దు. నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టే ఆ పాకమే ఇది కూడా, వేడి కూడా దాదాపు అంతే. కానీ అరిసెలకు గిన్నె కదలదు, పిండే పాకం దగ్గరికి వస్తుంది. ఇక్కడ పాకమే పొయ్యి దిగి, గాలిలో వంగి, తిరుగుతున్న తీగల పక్కన పడాలి. మీ అనుభవం పాకం పట్టడం దాకా పనికొస్తుంది, పోయడంలో పనికిరాదు. మరుగుతున్న నీళ్ళు పడితే కొంతైనా జారిపోతాయి. పాకం నీళ్ళకన్నా వేడి, పైగా చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది.

కాబట్టి ఒక చేత బీటర్, ఒక చేత పాకం వద్దు. ఇంట్లో రెండో పెద్దమనిషి లేనప్పుడు పాకం పొయ్యి మీదే పెట్టొద్దు.

నిజానికి చేతి బీటర్ ఉన్నవాళ్ళు ఈ వానాకాలం ఇటాలియన్ జోలికి పోకుండా స్విస్ పద్ధతి చేసుకుంటే చాలు. తెల్లసొన, పంచదార ఒక గిన్నెలో వేసి, సన్నగా మరిగే నీళ్ళ గిన్నె మీద పెట్టి కలుపుతూ ఉండాలి. పై గిన్నె అడుగు నీళ్ళకు తగలకూడదు, తగిలితే సొన ఉడికి తరకలు కడుతుంది. 50, 55 డిగ్రీలకు వచ్చేసరికి పంచదార కరుగుతుంది. థర్మామీటర్ లేకపోతే చెంచాతో బొట్టు తీసి వేళ్ళ మధ్య రాస్తే గరుకు తగలకూడదు. అప్పుడు దించి గిలకొట్టుకోవడమే. ఇందులో పోయాల్సిన పాకమే లేదు. నురగ ఫ్రెంచ్ దానికన్నా గట్టిగా ఉంటుంది. పార్లాకిమిడి, రాయగడ నుంచి అడిగిన పిల్లలందరికీ ఇదే చెబుతున్నాను, మీకూ ఇదే చెబుతున్నాను.

అయినా ఇటాలియనే చేస్తానంటే ఇలా చేయండి. పాకానికి పొడుగు పిడి, పోసేందుకు మూతి ఉన్న చిన్న సాస్‌పాన్ కొనండి. పట్టకారు పక్కన పెట్టేయండి. గిలకొట్టే గిన్నె కింద తడిగుడ్డ మడిచి వేయండి, జారదు. ప్లాస్టిక్ గిన్నె వద్దు. ఒకరు రెండు చేతులా గిన్నె, బీటర్ చూసుకోవాలి, ఒకరు పాకం పోయాలి. పోసేవాళ్ళు మాట్లాడకూడదు. ధార గిన్నె లోపలి గోడ మీద పడాలి, తీగల మీద పడితే చిమ్ముతుంది. అప్పుడు బీటర్ స్పీడ్ తక్కువలో ఉండాలి, పాకమంతా పడ్డాకే పెంచాలి. అత్తగారినో, వదిననో, ఇంట్లో ఉంటే ఆయననో పిలవండి. రెండు నిమిషాల పని. మొహమాటపడి ఒక్కరే చేసుకున్నవాళ్ళే కాల్చుకున్నారు.

ఒకవేళ పడితే: వెంటనే కుళాయి కింద, ధారగా, 20 నిమిషాలు. గడియారం చూసి 20 నిమిషాలు. నీళ్ళ కిందే గాజులు, ఉంగరం తీసేయండి, వాపు వచ్చాక రావు. అంటుకున్న పాకాన్ని గోకకండి, చర్మం ఊడొస్తుంది. బట్ట అతుక్కుంటే లాగకండి. ఐస్ వద్దు. పసుపు, టూత్‌పేస్ట్, నెయ్యి, ఇంకు, ఏదీ వద్దు. ముఖ్యంగా పక్కనే గిన్నెలో ఉంది కదా అని తెల్లసొన రాయకండి. కాలితే గుడ్డు సొన రాయాలని పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు, కానీ పచ్చి సొనలో ఉండే క్రిములు తెరిచిన పుండులోకి వెళతాయి. చల్లారాక శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి వెళ్ళండి. అరచేయి, వేళ్ళు, ముఖం, కీళ్ళ మీద కాలినా, బొబ్బలు లేచినా, పిల్లలకు కాలినా ఇంట్లో కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో:

- పాకం పని మొదలుపెట్టే ముందు వంటింట్లో బకెట్ నిండా నీళ్ళు పెట్టుకోండి. కరెంటు పోతే మోటారు ఆడదు, ట్యాంకు ఖాళీ అయిన రోజే చేయి కాలుతుంది.
- మధ్యలో కరెంటు పోతే స్టవ్ ఆపండి. పాకం పాడైపోయినా పర్లేదు, దాన్ని కాపాడాలని చీకట్లో గిన్నె ఎత్తకండి.
- నైలాన్ నైటీ వద్దు, చున్నీ వద్దు. కాటన్ వేసుకోండి. గాజులు ముందే తీసేయండి.
- పాకం వచ్చిందో లేదో వేలితో చూడొద్దు. గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకుని చెంచాతో చుక్క వేయండి, లేదా థర్మామీటర్ కొనండి.
- తెల్లసొనను ఒకటి రెండు రోజులు బయటే ఉంచాలని చెప్పే రెసిపీలు చలి దేశాలవి. మన ఉక్కలో అలా చేస్తే అది తిన్నవాళ్ళు ఆసుపత్రికి పోతారు. మూతపెట్టి ఫ్రిజ్‌లోనే ఉంచండి.
- బాదం పొడి తడిగా అనిపిస్తే 100 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు ఆరబెట్టి, పూర్తిగా చల్లారాక వాడండి.
- మిక్సీలో బాదం ఒక్కసారిగా తిప్పొద్దు. ఐసింగ్ షుగర్ కలిపి, ఆపి ఆపి తిప్పండి, లేకపోతే నూనె కక్కుతుంది.
- దుకాణంలో చుట్టి ఇచ్చే మామూలు బటర్ పేపర్ ఓవెన్‌లో పెట్టొద్దు. బేకింగ్ పేపర్ అని అడిగి తీసుకోండి.
- ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) బటన్ మీద ఉన్న అంకెను నమ్మొద్దు. లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొనండి. మాకరాన్లకు 150 డిగ్రీల దగ్గర పని, 170 అయితే పైన రంగు మాడుతుంది.
- బిళ్ళలు ఆరడం లేదా? ఏసీ ఉన్న గదిలో పెట్టండి. ఏసీ లేకపోతే, జోరువాన రోజున చేయకండి. ఆర్డర్ ఉన్నా చేయకండి.
- బాక్సు మీద 'బాదం, గుడ్డు ఉన్నాయి' అని పెద్దగా రాయండి. రాఖీ బాక్సు విప్పేది పిల్లలు. బాదం పడని పిల్లాడికి గొంతు వాచడానికి ఎక్కువసేపు పట్టదు. జీడిపప్పు వాడితే సరిపోతుందని మీరే నిర్ణయించకండి, బాదం పడనివాళ్ళలో కొందరికి జీడిపప్పు కూడా పడదు.
- కార్తీకంలో మన ఒడియా ఇరుగుపొరుగులో చాలామంది గుడ్డు ముట్టరు. కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్ళతో గుడ్డు లేకుండా చేయొచ్చు, కానీ ఆ గిన్నె, ఆ బీటర్ వేరుగా ఉంచలేకపోతే ఆర్డర్ తీసుకోవద్దు. నమ్మి తింటారు.
- తడిచేత్తో బీటర్ ప్లగ్ పెట్టొద్దు.
- తెల్లవారితే డెలివరీ అనగా రాత్రి పదకొండింటికి పాకం మొదలుపెట్టొద్దు. నిద్రమత్తులో ఉన్న ఇంట్లో రెండో మనిషి సాయానికి రారు, అప్పుడు మళ్ళీ ఒక చేత బీటర్, ఒక చేత పాకం. ఆ ఆర్డర్ వద్దని ఫోన్ చేసి చెప్పేయండి, అడ్వాన్స్ తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేయండి.