ఆన్‌లైన్ క్లాసు లింకు పంపే ముందు: లెక్చరర్లకు జాగ్రత్తలు

ఫ్యాకల్టీ ట్రైనింగులో సర్టిఫికెట్ వస్తుంది. వైకల్యం ఉన్నవాళ్లతో సహా పిల్లలందరికీ పాఠం అందిందా లేదా అన్నది వేరే లెక్క.

ముందు పీడీఎఫ్ సంగతి చూడండి. జిరాక్సు కాగితాలను ఫోనుతో ఫొటో తీసి గ్రూపులో పడేస్తుంటాం. చూపు లేని విద్యార్థికి అది తెల్లకాగితంతో సమానం. ఫైలు తెరిచి ఒక వాక్యం మీద వేలు నొక్కిపట్టండి. అక్షరాలు సెలెక్ట్ కాకపోతే యూనికోడ్‌లో టైపు చేసిన కాపీ ఇవ్వాల్సిందే. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత నోట్సూ అంతే: కంటికి తెలుగే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని గుర్తులు. విండోస్ కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితమే, ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఎలాగూ ఉంటుంది. కళ్లు మూసుకుని ఒక పేజీ వినండి, మీకే తెలుస్తుంది.

ఉదయగిరి, కనిగిరి వైపు సిగ్నల్ సరిగా అందని పల్లెల నుంచి వినేవాళ్లుంటే కెమెరా ఆన్ చేయమని పట్టుబట్టొద్దు. ఆడియో విడిగా పెట్టండి.

యూట్యూబ్ దానంతటదే వేసే క్యాప్షన్లను ఒకసారి దిద్దండి. పాఠం చెబుతూ “ఇది ఇక్కడికొస్తుంది” అనకుండా, ఏది ఎక్కడికో పలకండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా లాంటివి పైకి కనపడవు. “ఏమ్మా, నీకు చదవడం రాదా?” అని మైకులో అడిగితే ఆ అమ్మాయి ఇక క్లాసు వైపు చూడదు. విడిగా ఫోన్ చేసి, ఏం చేస్తే వీలుగా ఉంటుందో అడగండి.

క్విజ్‌కు టైమర్ పెడుతున్నారా? రాత పరీక్షల్లో అర్హులైన దివ్యాంగులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. సెట్టింగుల్లో ఆ మార్పు ముందురోజే చేసిపెట్టుకోండి.