కుంచమైనా కత్తిపీటైనా, ముందు చేతి జాడ వేయండి

ఇంటి వస్తువుతో మనకున్న చుట్టరికాన్ని బొమ్మలోకి తేవాలంటే అందమైనదాన్ని వెతకకండి. కనీసం ఐదారేళ్లుగా వాడుకలో ఉన్నది, చూడకపోయినా చెయ్యి నేరుగా వెళ్లి పట్టుకునేది తీసుకోండి. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగిళ్లలో ఇలాంటివాటికి కొదవలేదు. బియ్యం కొలిచే ఇత్తడి కుంచం, ఒడియా ఇరుగుపొరుగువాళ్లు ‘పనికి’ అని పిలిచే కత్తిపీట, వాళ్లు కులా అనే చేట. ఈ పద్ధతి దేనికైనా పనికొస్తుంది. ఇక్కడ కుంచాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాం.

బొమ్మ వేస్తున్నాం కదా అని దాన్ని చింతపండు పెట్టి తోమేయకండి. చాలామంది చేసే మొదటి తప్పు ఇదే. అంచు దగ్గర వేళ్లు తగిలి మెరిసే చోటు, చెయ్యి అందక నల్లబడిన అడుగు, సొట్ట, ఈ మూడింటిలోనే ఆ ఇంటి కథ ఉంది. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్లలో మాణబసా చేస్తారు. కొత్త ధాన్యం నింపిన కొలపాత్రనే లక్ష్మిగా కూర్చోబెడతారు, వాకిట్లో బియ్యప్పిండితో ఝోటి అనే ముగ్గు వేస్తారు. మీ కుంచానికీ అలాంటి పూజ పసుపు, కుంకుమ అంటి ఉంటే తుడవకండి. నిన్న కొలత, ఇవాళ దేవత అయిన సంగతిని ఆ మరకే చూపిస్తుంది.

చూడకుండా ఒకసారి, చూస్తూ ఒకసారి

కుంచాన్ని పక్క గదిలో పెట్టి, 2బి పెన్సిలుతో పది నిమిషాలు జ్ఞాపకం నుంచి గీయండి. తర్వాత ఎదురుగా పెట్టుకుని మరో కాగితం మీద గీయండి. రెండూ పక్కపక్కన పెడితే తేడాలు బయటపడతాయి. జ్ఞాపకంలో అంచు మందంగా వచ్చి ఉండొచ్చు, సొట్ట ఉన్నదానికన్నా పెద్దదై ఉండొచ్చు, అడుగు అసలు లేకపోవచ్చు. అవి తప్పులని దిద్దేయకండి. మీ చెయ్యి ఆ వస్తువును ఎలా ఎరుగునో ఆ తేడాలే చెబుతాయి. వాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని అసలు బొమ్మలోకి తెచ్చుకోండి. మూడు నాలుగు తెస్తే ఆకారం చెడి, చూసేవాళ్లకు గీత రానట్టు కనిపిస్తుంది.

గజపతి, రాయగడ కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్‌లో దువ్వెన, గొడుగు, సైకిలు కూడా కనిపిస్తాయి. అవి పూజకు వేసే బొమ్మలు కాబట్టి ఆ ఆకారాలను ఎత్తి మన కాగితం మీద దించుకోవడం సరికాదని మా అభిప్రాయం.

సామాను

300 జిఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) నీటిరంగుల కాగితం, 28 × 38 సెంటీమీటర్లు. దీన్ని అట్టకు నాలుగు వైపులా టేపుతో అంటించాలి. పలచటి కాగితం తడికి ఉబ్బి, రంగు గుంటల్లో చేరుతుంది. గుండ్రటి బ్రష్‌లు 4, 8 నంబర్లవి. రంగులు నాలుగు: ఎల్లో ఓకర్, లెమన్ ఎల్లో, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్. శనగగింజంత చొప్పున తీస్తే ఒక బొమ్మకు సరిపోతాయి. నల్లరంగు వద్దు, అది ఇత్తడిని చంపేస్తుంది. నీళ్లకు రెండు గ్లాసులు పెట్టుకోండి. ఒకటి బ్రష్ కడగడానికి, రెండోది రంగు కలపడానికి.

ఎక్కడ కూర్చోవాలి

దాన్ని వాడేటప్పుడు మీరెక్కడ ఉంటారో అక్కడే కూర్చోండి. కుంచాన్ని బల్ల మీద కళ్ల ఎత్తులో పెడితే దుకాణంలో సరుకులా ఉంటుంది. నేల మీద పెట్టి పైనుంచి చూస్తే బియ్యం కొలిచే మనిషి చూపు వస్తుంది. కత్తిపీట అయితే పీట మీద కూర్చున్నట్టే చూడాలి, కాలితో నొక్కిపట్టే చోటు దగ్గరగా కనిపించాలి. వెలుతురు ఒక్క కిటికీ నుంచే రానివ్వండి. ట్యూబులైటు కూడా వెలిగితే నీడలు రెండై ఏదీ నిలవదు.

గీత, రంగు

పైనుంచి చూసినప్పుడు మూతి కోలగుండ్రంగా కనిపిస్తుంది, అడుగు వంపు అంతకన్నా ఎక్కువ గుండ్రంగా ఉంటుంది. మూతి కొసలు నిమ్మకాయలా మొన తేలినా, అడుగు తిన్నగా గీసినా కుంచం నేల మీద కూర్చోదు. మణికట్టు కదపకుండా మోచేతి నుంచి, తేలిగ్గా మూడుసార్లు తిప్పి గీయండి. నచ్చిన గీత ఉంచి మిగతావి చెరిపేయండి.

తళుకు చోట్లను ముందే పెన్సిలుతో గుర్తుపెట్టి తెల్లగా వదిలేయండి. మిగతా భాగమంతా ఎల్లో ఓకర్‌లో కాస్త లెమన్ ఎల్లో కలిపి పలచగా పూయండి. ఆరాక, ఓకర్ మూడు పాళ్లు, సియెన్నా ఒక పాలుతో నడిమి ఛాయ. చివర సియెన్నా, అల్ట్రామెరైన్ కలిపిన ముదురు ఛాయ. ఈ ముదురును తళుకు పక్కనే, మధ్యలో మెత్తబరచకుండా పెట్టాలి. తెలుపూ ముదురూ అలా ఢీకొంటేనే లోహంలా కనిపిస్తుంది. నెమ్మదిగా ఒకదాన్నొకటి కలిపేస్తే మట్టికుండ అవుతుంది.

వానాకాలంలో ఒక పూత ఆరడానికి అరగంట పైనే పట్టొచ్చు. కాగితానికి చేతి వెనకవైపు ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడే. సగం ఆరినదాని మీద తడి బ్రష్ పెడితే గోబీపువ్వులాంటి మరక పడుతుంది. అప్పుడు దాన్ని కెలకొద్దు. పూర్తిగా ఆరనిచ్చి, శుభ్రమైన తడి బ్రష్‌తో అంచులు మెత్తబరచండి.

నీడకు నేల రంగులోనే అల్ట్రామెరైన్ కలపండి. అడుగు నేలను తాకే సన్నని గీత దగ్గర అన్నిటికన్నా ముదురు వేయాలి. అది లేకపోతే పాత్ర గాలిలో తేలుతుంది.

పాత్ర మీద కొట్టించిన పేరుంటే ఆఖరున 4వ నంబరు బ్రష్ మొనతో వేయండి. తెలుగైనా ఒడియా అయినా అక్షరాలు పాత్ర వంపుతో పాటే వంగాలి, పక్కలకు పోయేకొద్దీ ఇరుకవ్వాలి. నోటుపుస్తకంలో రాసినట్టు తిన్నగా రాస్తే కాగితం మీద అంటించినట్టుంటుంది. ఆ పేరు ఎవరిదో, ఏ పెళ్లికి కొట్టించారో ఇంట్లో పెద్దవాళ్లనడిగి, తేదీతో పాటు బొమ్మ వెనక పెన్సిలుతో రాయండి. పెన్నైతే సిరా ఇవతలికి దిగొచ్చు.