నీడ పక్క ఇల్లు దొరికిందా? ఒక చిన్న హోస్టా పెట్టుకోండి

తిరుపతిలో మా కొర్లగుంట వీధిలో జులై వచ్చిందంటే ఏదో ఒక ఇంటి వరండాలో సూట్‌కేసు తూకం నడుస్తుంటుంది. 23 కిలోలు దాటగానే పచ్చడి డబ్బా ఒకటి బయటికొస్తుంది, అమ్మ మొహం చిన్నబోతుంది, మళ్ళీ లోపలికి పోతుంది. బయల్దేరే పిల్లల్ని వాళ్ళ అమ్మలు మా ఇంటికి ఒకసారి పంపిస్తారు, "ఆమె న్యూజెర్సీలో తొమ్మిదేళ్ళు ఉండొచ్చింది, ఏమన్నా చెప్తుంది, పోయిరా" అని. బ్యాంకు అకౌంటు, డ్రైవింగ్ లైసెన్సు, చలికోటు గురించి చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. నేను హోస్టా అనే మొక్క గురించి చెప్తాను. సగంమంది నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. ఇది మిగతా సగం కోసం.

ఇక్కడినుంచి వెళ్ళిన ప్రతి ఇల్లూ మొదట కొనేది తులసి, కరివేపాకు, మల్లె. తప్పు లేదు, నేనూ అదే చేశాను. కానీ మూడింటికీ ఎండ కావాలి, మూడూ చలికి తట్టుకోలేవు. అక్టోబరు నుంచి వాటిని లోపలికి మోయాలి, కిటికీ దగ్గర చోటు వెతకాలి, ఆకు రాలినప్పుడల్లా టెన్షన్. పైగా మొదట్లో దొరికే అద్దె ఇంటికి ఎండ ఎక్కడ? ముందు కారు పార్కింగ్, వెనక పక్కింటి గోడ, మధ్యలో నాలుగు అడుగుల నేల. ఆ నాలుగు అడుగుల నీడకు సరిపోయే మొక్క హోస్టా. చలికాలమంతా బయటే ఉంటుంది. నిజానికి బయట ఉంటేనే బతుకుతుంది.

పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా. హోస్ట్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడి పేరు మీద 1812లో దీనికి ఆ పేరు పెట్టారు. ఇప్పటి లెక్కలో శతావరి కుటుంబంలోది, అంటే మన అడవుల్లో దొరికే పిల్లిపీచరకు దూరపు చుట్టం. దీన్ని పెంచేది ఆకుల కోసం. వేసవిలో పొడవాటి కాడ మీద లేత ఊదా గంటల్లాంటి పూలు కూడా వస్తాయి, అవి కొసరు.

రకాలు వేలల్లో ఉన్నాయి. కొన్ని నాలుగైదు అడుగులు పరుచుకుంటాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు వాటి జోలికి పోవద్దు. కుదురుగా, గిన్నె బోర్లించినట్టు పెరిగే చిన్న రకం తీసుకోండి. నేను పెంచింది 'బ్లూ మౌస్ ఇయర్స్', అంటే నీలి ఎలుక చెవులు. 2008లో అమెరికాలోని హోస్టా పెంపకందారుల సంఘం దాన్నే ఆ ఏటి మేటి హోస్టాగా ఎంచింది. ఎత్తు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, వెడల్పు అడుగు, అంతే. ఆకు చిన్న తమలపాకంత, దళసరిగా, బూడిద కలిసిన నీలం రంగులో ఉంటుంది. కాణిపాకం పక్కనే పుట్టినవాళ్ళం, ఎలుక పేరున్న మొక్కను ఎలా వదిలేస్తాం! ఆ నీలం ఆకు రంగు కాదు, ద్రాక్షపండు మీద ఉండే తెల్లటి పొడిలాంటి మైనం. వేలితో రుద్దితే పోతుంది, ఎక్కువ ఎండ తగిలినా పోతుంది. ఇంటికొచ్చిన పిల్లలు ముందు చేసే పని రుద్దడమే, కాబట్టి చెప్పిపెట్టండి.

ఇక నీడ. ఇందులోనే మనవాళ్ళం పొరబడతాం, ఎందుకంటే మనం నీడ నేర్చుకున్నది తిరుపతిలో. ఇక్కడ ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్యదాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి ఒరుగుతాడు, ఉత్తరం గోడకు కూడా ఎండ కొడుతుంది. న్యూజెర్సీలో మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు. అందుకే ఉత్తరం గోడ పక్క వేసవిలో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తప్ప నీడే. అది హోస్టాకు మంచి చోటు. అంతకంటే మంచిది తూర్పు పక్క. పది, పదకొండు గంటలదాకా లేత ఎండ, తర్వాత నీడ. మనవాళ్ళు న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్ళినా వాస్తు చూసి తూర్పు ముఖం ఇల్లే వెతుకుతారు కదా, ఆ వెతుకులాట ఈ మొక్కకు బాగా కలిసొస్తుంది. గుమ్మం పక్కనే పెట్టేయొచ్చు.

పడమర మాత్రం వద్దు. మొదటి ఏడాది నేను వెనకవైపు, పడమటి మెట్ల పక్కన పెట్టాను. 'అక్కడి ఎండ కూడా ఒక ఎండేనా, 42 డిగ్రీలు చూసినదాన్ని' అనుకున్నాను. జులై రెండో వారానికి ఆకుల అంచులు కాల్చిన అప్పడంలా అయ్యాయి.

చెట్టు కింద నీడలోనూ తేడాలున్నాయి. మేపుల్ చెట్టు వేళ్ళు నేల పైపైనే అల్లుకుని నీళ్ళన్నీ అవే తాగేస్తాయి. దాని కింద పెట్టాలంటే కుండీలోనే పెట్టండి. ఓక్ చెట్టు కింద అంత పోటీ ఉండదు.

నేలలో నాటాలనుకుంటే ముందు ఇంటి ఓనర్‌ను, కాలనీ సంఘం ఉంటే వాళ్ళనూ అడగండి. అమెరికాలో గునపం దించే ముందు 811కి ఫోన్ చేయాలి. గ్యాస్ గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో వచ్చి గుర్తుపెట్టి వెళ్తారు, డబ్బులు తీసుకోరు. కానీ నా సలహా కుండీయే. అద్దె ఇల్లు మారతాం, కుండీ కారులో మనతో వస్తుంది. అడుగున చిల్లు ఉండాలి, వెడల్పు ఎనిమిది, పది అంగుళాలు చాలు. దుకాణంలో దొరికే కుండీ మట్టిలో నాలుగో వంతు పెర్లైట్, అంటే తేలికగా ఉండే తెల్లటి గుళికలు, కలపండి. పెద్ద హోస్టాలు తడి నేలను ఓర్చుకుంటాయి గానీ చిన్నవాటి వేళ్ళు నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతాయి. వారానికి ఒక అంగుళం వాన పడినంత నీరు సరిపోతుంది. కుండీ అయితే వేసవిలో వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితే పోయండి. పొద్దునపూట, మొక్క మొదలు దగ్గర పోయాలి, ఆకుల మీద కాదు.

నాటేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆకులన్నీ పుట్టే మొదలు మట్టికి సమానంగా ఉండాలి, లోతుగా పూడ్చకూడదు. చుట్టూ చెక్కపొట్టు పరిచినా మొదలుకు రెండంగుళాల దూరంలో ఆపాలి. ఎందుకో చెనిక్కాయ వేసిన ఇంటివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మన చిత్తూరు చేలల్లో మొదలు దగ్గర తెల్లటి బూజు దారాలు పట్టి, ఆవగింజల్లాంటి గుండ్లు కట్టి, పచ్చగా ఉన్న చెట్టు వాలిపోతుంది చూడండి, కాండం కుళ్ళు. ఆ శిలీంధ్రమే, స్క్లెరోషియం రోల్ఫ్‌సై, హోస్టానూ పడుతుంది. వేడి, తేమ రెండూ ఉండే జార్జియా, కరోలినాల వైపు వెళ్ళేవాళ్ళకు ఈ బెడద ఎక్కువ. ఆకు కాడలు ఒక్క లాగుకే ఊడి చేతికొస్తే, అడుగున ఆవగింజలు కనిపిస్తే, చుట్టూ మట్టితో సహా తీసి సంచిలో కట్టి పారేయండి.

జింకల గురించి చెప్తే ఇక్కడ ఎవరూ నమ్మరు. అలిపిరి మెట్ల దారిలో జింకల పార్కు దగ్గర ఆగి కమ్మీల సందుల్లోంచి చూసి మురిసిపోయిన ప్రాణం కదా మనది. న్యూజెర్సీలో అవి రాత్రిపూట ఇళ్ళ మధ్యకొచ్చి హోస్టాను గోంగూర కోసినట్టు కోసుకుపోతాయి. పొద్దున లేచి చూస్తే కాడలే నిలబడి ఉంటాయి. మొదటిసారి మా ఆయన ఫోన్ తీసుకుని ఫొటోలు తీశాడు, నేను చీపురు తీసుకుని పరిగెత్తాను. కారం చల్లితే రాదన్నారు కొందరు. చల్లాను, వాన పడితే కారమూ పోయింది, ఆకూ పోయింది. కోడిగుడ్డు కుళ్ళిన వాసనొచ్చే మందు అమ్ముతారు, వానలు పడ్డప్పుడల్లా మళ్ళీ కొట్టుకోవాలి. కుండీని గుమ్మం మెట్ల మీదకో బాల్కనీలోకో మార్చడం సులువు.

ఆకులకు గుండ్రటి చిల్లులు, పక్కన ఎండిన జిగురు గీత కనిపిస్తే అది గుల్ల లేని నత్త పని. రాత్రి తొమ్మిదికి ఫోన్ లైటు వేసుకుని వెళ్తే దొరుకుతాయి. లండన్ వైపు వెళ్ళేవాళ్ళకు వీటితోనే అసలు యుద్ధం. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు వేయండి. మెటాల్డిహైడ్ రకం కుక్కలకు ప్రాణాంతకం, బ్రిటన్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఆరుబయట వాడకం నిషేధం. ఎలుక చెవుల ఆకు దళసరి కాబట్టి నత్తలు కాస్త తక్కువగానే వస్తాయి, నేను దాన్ని ఎంచుకోవడానికి అదీ ఒక కారణం. కొనేటప్పుడే ఈనెల వెంట సిరా ఒలికినట్టు మరకలున్న మొక్క ముచ్చటగా ఉందని తెచ్చుకోకండి. అది హోస్టా వైరస్ ఎక్స్ కావొచ్చు, దానికి మందు లేదు, కోసిన కత్తి ద్వారా పక్క మొక్కకూ అంటుకుంటుంది.

ఇప్పుడు చలికాలం. మొదటి నవంబరులో మంచు పడగానే నా మొక్క పసుపుపచ్చగా మారింది, వారంలో ఉడికించిన ఆకుకూరలా మెత్తబడి నేలకు అంటుకుపోయింది. పది రోజులకు కుండీలో మట్టి తప్ప ఏమీ లేదు. ఎన్ని నీళ్ళు పోసినా లాభం లేదు. ఏడ్చానని చెప్పను గానీ, ఆ వారం తిరుపతికి ఫోన్ చేసి అమ్మతో ఎక్కువసేపు మాట్లాడాను. తర్వాత కుండీ తీసుకెళ్ళి చెత్తడబ్బా పక్కన పెట్టేశాను.

ఏప్రిల్ రెండో వారంలో పక్కింటి కొరియా అవ్వ తలుపు తట్టింది. ఆమెకు తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంతే. చెయ్యి పట్టుకుని వాళ్ళ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ నా కుండీ. మట్టిని చీల్చుకుని ఏడు ఊదారంగు ముక్కులు, పసుపు కొమ్ము మొలకల్లా, చిటికెనవేలి గోరంత. అవ్వ ఏడూ లెక్కపెట్టి చూపించి, చెత్తడబ్బా వైపు వేలు చూపించి, నా తల మీద మెత్తగా ఒక మొట్టికాయ వేసింది. నాలుగు రోజుల తర్వాత ఒక్కో ముక్కూ అరటి మొవ్వులా సుడి విప్పుకుంది. వాళ్ళ దేశంలో లేత ఆకులు ఉడికించి తింటారని సైగ చేస్తే, పప్పులో వేసుకుందామా అనుకున్నాను. మీరు అలా చేయకండి, నర్సరీ మొక్కలకు ఏ మందులు కొట్టి ఉంటారో తెలియదు. పెంపుడు కుక్కలు, పిల్లులు తింటే వాంతులు చేసుకుంటాయి.

అది చావడం కాదు, పడుకోవడం. మన పసుపు చేలో ఆకు ఎండిపోయినా కొమ్ము భూమిలో ఉంటుందే, అలాగ. చెట్టుకు ఆరు వారాలకు తగ్గకుండా 4, 5 డిగ్రీల లోపు చలి తగలాలి. జాలిపడి హాల్లోకి తెచ్చి హీటరు పక్కన పెడితే నిద్ర చాలక బలహీనపడి పోతుంది. చలికాలంలో కుండీని గోడ వారగా, చూరు కింద, వాన నీళ్ళు నిలవని చోట వదిలేయండి. మిన్నెసోటా, టొరంటో లాంటి గడ్డకట్టే ఊళ్ళలో హీటరు లేని గ్యారేజీలో పెట్టండి. ఏప్రిల్లో మొలకలొచ్చాక ఒక రాత్రి మంచు కురుస్తుందని తెలిస్తే పాత దుప్పటి కప్పండి. డాలస్‌లో కష్టపడితే వస్తుంది. హ్యూస్టన్, దక్షిణ ఫ్లోరిడా వెళ్ళేవాళ్ళు డబ్బు వృథా చేసుకోకండి, అక్కడ దానికి సరిపడా చలి లేదు.

ఇదే కారణంతో తిరుపతిలోనూ రాదు. "హార్స్‌లీ హిల్స్‌లో వస్తుందా అక్కా?" అని అడుగుతారు. అక్కడి చలి మనకు చలిగానీ దీనికి చాలదు. సూట్‌కేసులో దుంప పెట్టుకుని రావాలనీ చూడకండి, పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మన దేశంలోకి తేకూడదు. ఇటునుంచి వెళ్ళేటప్పుడు కూడా పచ్చి కరివేపాకు రెమ్మలు చుట్టిపెట్టే అమ్మలకు గట్టిగా చెప్పండి, అమెరికా కస్టమ్స్‌లో తీసి పారేస్తారు. లేదని చెప్పి దొరికితే జరిమానా కూడా.

మేం తిరిగొచ్చేసేటప్పుడు నా కుండీని కొరియా అవ్వకే ఇచ్చి వచ్చాను. ఆమె దాన్ని మూడు ముక్కలు చేసింది. నిరుడు మా పక్కింటి కోడలు ఎడిసన్‌లో దిగినప్పుడు అందులో ఒక ముక్క ఆమెకు చేరింది. నవంబరులో అది మాయమైపోయినప్పుడు, పారేయొద్దని మూడుసార్లు మెసేజ్ పెట్టాను. మొన్న ఏప్రిల్లో ఇక్కడ నేను మామిడికాయ ముక్కలు కొడుతుంటే వీడియో కాల్.

"అక్కా, లేసిందిక్కా! నాలుగు మొలకలు! రెండుగా విడదీసి మా ఫ్రెండుకు ఒకటి ఇయ్యనా?"

"ఇంకో మూడేళ్ళు దాన్ని ముట్టుకోవద్దు" అన్నాను. "ముందు ఆ కుండీని పడమటి మెట్ల మీదనుంచి తియ్యి."