గుర్రం కుంటుతోంది, గిట్టలో ఏమీ లేదు: దాణా తొట్టి చూశారా?

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, శ్రీకాకుళం, విజయనగరం వైపు గుర్రాల వాళ్లు అడిగేది ఒక్కటే: "గుర్రం కుంటుతోంది, నొప్పికి ఏ ఇంజెక్షన్ వేయించమంటారు?" గిట్ట ఎత్తి చూశారా అంటే అవతల నుంచి మాట రాదు. ఇంజెక్షన్ సంగతి తర్వాత. నొప్పి తెలియకుండా చేసి ఊరేగింపుకి తోలితే ఉన్న దెబ్బ ఇంకా ముదురుతుంది. పైగా జబ్బుతోనో పుండుతోనో ఉన్న జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. కుంటు కనిపించిన రోజే జీను దించేయండి.

ఒకే కాలు కుంటుతుంటే

కారణం చాలాసార్లు గిట్టలోనే ఉంటుంది. ఎత్తండి, మట్టి గోకండి, చూడండి. రాయి ఇరుక్కుందా? కొత్తగా లాడం కొట్టించిన రెండు మూడు రోజుల్లోనే కుంటు మొదలైందా? అలాగైతే మేకు లోపలి మెత్తటి భాగానికి తగిలిందని అనుమానించి, కొట్టినవాడినే పిలిచి లాడం తీయించండి. చీము ఉంటే డాక్టరు కోసి వదులుతాడు, ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా వేయించాలి. గిట్ట అడుగున త్రికోణంలా ఉండే మెత్తటి చోట నల్లటి చెమ్మ, కుళ్లు వాసన ఉంటే అది తడి నేల తెచ్చిన జబ్బు. వానాకాలంలో శాలలో పేడ, ఉచ్చ నిలవనిస్తే ఇది తప్పదు. నేల ఆరబెట్టకుండా ఎన్ని మందులు పూసినా దండగే. లాడాలు ఆరు వారాలకోసారి విప్పి గిట్టలు చెక్కించాలన్నది తెలిసిన విషయమే, కానీ అరిగిపోయేదాకా ఉంచేస్తున్నారు.

నిన్న ముందు కాలు, ఇవాళ వెనక కాలు

అసలు తికమక పెట్టేది ఇదే: మేత లోపంతో ఎముకలు బలహీనపడే జబ్బు. గిట్టలు శుభ్రంగా ఉంటాయి, వాపు ఉండదు, వేడి ఉండదు. నడక మాత్రం బిర్రబిగుసుకుపోయి, అడుగులు పొట్టిగా పడతాయి. ఒక్కో రోజు ఒక్కో కాలు కుంటుతుంది. జీను వేస్తుంటే పక్కకు జరుగుతుంది, పరుగుకి ఒప్పుకోదు. మేత నమలడం నెమ్మదిస్తుంది, సగం నమిలిన గడ్డి ఉండ కింద పడేస్తుంది. "మొండికేసింది" అని ముళ్ల కళ్లెం తగిలించేవాళ్లు ఉన్నారు. దవడ ఎముకే బలహీనపడి పళ్లు కదిలే స్థితిలో ఉన్న గుర్రం నోట్లో ముళ్లు పెట్టడం ఎంత దారుణమో వేరే చెప్పాలా? జంతు హింస నివారణ చట్టం కింద వచ్చిన 1965 నాటి నిబంధనల ప్రకారం మామూలు గుర్రానికి కూడా ముళ్ల కళ్లెం వాడకూడదు.

ఇలా ఉంటే కాళ్లు వదిలేసి దాణా తొట్టి దగ్గరికి వెళ్లండి. మన జిల్లాల్లో ఊరికో రైస్ మిల్లు ఉంది కాబట్టి తవుడు చవక. పాడి కోసం వేసిన సూపర్ నేపియర్ గడ్డి పక్కనే ఉంటుంది. రెండూ కలిపి గుర్రానికి పెట్టేస్తారు. తవుడులో కాల్షియం కన్నా భాస్వరం పది రెట్లకు పైనే. ఆ భాస్వరం కాల్షియాన్ని సరిగా ఒంటబట్టనివ్వదు. నేపియర్‌లో ఆక్సలేట్లు అనే పదార్థాలు ఎక్కువ, అవి మిగిలిన కాస్త కాల్షియాన్నీ కట్టిపడేస్తాయి. వరిగడ్డిలోనూ ఆక్సలేట్లు ఉన్నాయి. చివరికి గుర్రం ఒళ్లు తన ఎముకల్నే కరిగించుకుని కాల్షియం తీసుకుంటుంది.

"మా గేదెలు కూడా ఇదే మేస్తున్నాయి బాబూ, వాటికేటీ అవ్వలేదే" అంటారు. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను ముందే విరగ్గొట్టేస్తాయి. గుర్రానికి అలాంటి పొట్ట లేదు.

దీన్ని పట్టుకోకుండా చేసేది రక్త పరీక్ష. రిపోర్టులో కాల్షియం నార్మల్ అని వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఎముకల్లోంచి తోడి పోస్తుంటే రక్తంలో ఎందుకు తగ్గుతుంది? గాదె ఖాళీ అవుతున్నా వంటింట్లో అన్నం ఉడుకుతున్నట్టే. ఎక్స్‌రేలో తేడా కనిపించేసరికి ఎముక చాలావరకు పల్చబడి ఉంటుంది. అందుకే ఏం తింటోందో రాసుకుని డాక్టరుకి చూపించండి, రక్తంతో పాటు మూత్రంలో భాస్వరం పరీక్ష గురించీ అడగండి. వీలైతే గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. ముఖానికి రెండు వైపులా, కళ్ల కింద గట్టి వాపు కనిపిస్తే జబ్బు బాగా ముదిరినట్టు.

వైద్యం మేతతోనే మొదలవుతుంది. తవుడు, నేపియర్ రెండూ ఆపాలి, కానీ ఒక్కరోజులో కాదు. వారం, పది రోజుల్లో మెల్లగా మార్చండి, లేకపోతే కడుపునొప్పి వస్తుంది. తవుడు బదులు ఉలవలు నానబెట్టి ఉడికించి పెట్టండి. వాటిలో కాల్షియం, భాస్వరం దాదాపు సమానం. పెద్దవాళ్లు గుర్రానికి ఉలవలు పెట్టింది ఊరికే కాదు. పచ్చిమేతకు గరిక మంచిది. వేరుశెనగ కట్టె కాల్షియానికి బాగుంటుంది, బూజు పట్టింది మాత్రం వద్దు. లూసర్న్ గడ్డి దొరికితే ఇంకా మేలు. జనుము పెట్టకండి, పశువులు తింటాయి కదా అని అస్సలు పెట్టకండి. అది గుర్రానికి విషం, గింజలైతే ఊపిరితిత్తుల్నే దెబ్బతీస్తాయి.

మొత్తం మేతలో భాస్వరం ఒక పాలుంటే కాల్షియం ఒకటిన్నర నుంచి రెండు పాళ్లు ఉండాలి. ఆ లోటు పూడ్చడానికి దాణాలో కలిపే సున్నపురాయి పొడి వాడతారు, ఎంతన్నది డాక్టరు చెబుతాడు. కిళ్లీ సున్నం కాదు సుమా, నోరు కాలుతుంది. తవుడు ఆపకుండా గేదెల మినరల్ మిక్చర్ ఒక డబ్బా తెచ్చి కలిపేసి "అయినా తగ్గలేదు" అంటే ఎలా తగ్గుతుంది?

మేత సరిచేస్తే నాలుగైదు వారాల్లో కుంటు తగ్గుతుంది. అక్కడే మళ్లీ తొందరపడతారు. కుంటు పోయినా ఎముక గట్టిపడటానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. ఈలోపు బరువు ఎక్కించి పరుగెత్తిస్తే విరిగే ప్రమాదం ఉంది. ముఖం వాపు పూర్తిగా పోకపోవచ్చు.

మిగతావి

ముందు గిట్టలు వేడెక్కి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి నిలబడితే గిట్ట వాపు జబ్బు, అప్పటికప్పుడు డాక్టరు చూడాలి. ఒళ్లంతా కొయ్యలా బిగిసి, కంటి మూలనుంచి తెల్ల పొర ముందుకొస్తే ధనుర్వాతం. వెనక కాళ్లు తూలుతూ ఈడ్చుకుపోతే కుమ్రి (నరాల్లోకి పురుగు చేరే జబ్బు) కావచ్చు, అరుదు. కోళ్ల దాణా తిన్నాక ఉన్నట్టుండి చెమటలు పట్టి కూలబడితే దాణాలోని మందు గుండెను, కండరాలను దెబ్బతీస్తోందని అర్థం. వీటిలో ఏది కనిపించినా ఇంట్లో చేసేదేమీ లేదు, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.