ప్రాజెక్ట్ రివ్యూకు ముందు అప్‌డేట్ కొడుతున్నారా? ఇవి చూసుకోండి

నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో ఫైనల్ ఇయర్ రివ్యూలు దగ్గరపడ్డాయి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ప్యాకేజీలు అప్‌డేట్ చేసే ముందు:

• లాక్ ఫైల్‌ను (ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉందో రాసి ఉండే ఫైల్) గిట్‌లో కమిట్ చేయండి, అంటే కోడ్ చరిత్రలో భద్రపరచండి. పాత వెర్షన్ నంబర్లు పోతే, నిన్నటిదాకా నడిచిన కోడ్‌ను మళ్లీ నిలబెట్టడం నరకం. దేవరకొండలో రూమ్‌లో ఉన్నప్పుడు నాకు రెండు రాత్రులు దానికే పోయాయి.

• ఛార్జింగ్ నిండా పెట్టుకోండి. మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోతే ఉబుంటులో ప్యాకేజీలు సగం సగమే ఎక్కుతాయి.

ఆ తర్వాత ఎర్రర్లు వస్తే టెన్షన్ వద్దు:

• తెరంతా ఎర్రగా నిండినా పైకి జరిపి మొదటి ఎర్రరే చదవండి. కిందివి చాలావరకు దాని వల్ల పుట్టినవే.

• సీ ప్రోగ్రామ్ అయితే హెడర్లు (పైన ఇంక్లూడ్ చేసే ఫైళ్లు) చూడండి. 2024లో వచ్చిన జీసీసీ 14 (సీ కంపైలర్) నుంచి, డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలిస్తే మామూలుగా వార్నింగ్ కాదు, ఎర్రరే. మెమరీ తీసుకునే మాలాక్ ఫంక్షన్ వాడి, పైన ఎస్‌టీడీలిబ్ హెడర్ మరిచిపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది. పాత ల్యాబ్ ప్రోగ్రాముల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఒక్క లైన్ చేర్చండి చాలు, కంపైలర్‌ను వెనక్కి మార్చకండి.

• బిల్డ్ ఫోల్డర్ తీసేసి మళ్లీ కంపైల్ చేయండి. బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్ టూల్ క్యాష్‌లో పాత కంపైలర్ దారే ఉండిపోతుంది.