నీటి కాసులకి ఫీల్డ్ టెస్ట్ చేయించుకోబోతున్నారా? కన్ను అటూ ఇటూ పోకుండా టెస్ట్ ఇవ్వడం ఎట్లా

మా నాయనకి నీటి కాసులు, అదే గ్లాకోమా, ఉందని తేలినాకనే, చూపు చుట్టూ ఎంతవరకు ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్ అనేది ఒకటుందని మాకు తెలిసింది. గుత్తిలో తెల్లారుజామున బస్సెక్కి కర్నూలు పోయి మొదటిసారి చేయించినప్పుడు “లైటు కనపడితే బటన్ నొక్కు తాతా” అన్నారు, అంతే, ఇంకేం చెప్పలేదు. ఆయన లైటు యాడొస్తే ఆడికి కన్ను తిప్పి వెతికి వెతికి నొక్కినాడు. బయటికొచ్చి “ఒగటి కూడా ఇడిసిపెట్టలేదు రే అబ్బీ” అని సంతోషంగా చెప్పినాడు. డాక్టరు కాగితం చూసి ఇది నమ్మేదానికి లేదు, మళ్ళా చేయించండి అన్నాడు. నాకు చానా బాధేసింది, ఎందుకంటే ఆయన తప్పు ఒక్కటీ లేదు, రెండు నిమిషాలు ముందు కూచోబెట్టి చెప్పింటే చాలు. ఆ చెప్పాల్సిన మాటలే ఇక్కడ రాస్తున్నా, మీ ఇంట్లో పెద్దోళ్ళకి చదివి వినిపించండి.

ఈ టెస్ట్ ఎందుకంత ముఖ్యమంటే, ఈ జబ్బు కంటి నుంచి మెదడుకి పోయే నరాన్ని తినేస్తుంది, చానా మందికి నొప్పి ఉండదు, ముందు పక్క చూపు మచ్చలు మచ్చలుగా పోతుంది, ఎదురుగా గోడ మీదుండే అక్షరాలు మాత్రం చివరిదాకా చదివేస్తుంటారు. పోయిన చూపు మళ్ళా రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. చుక్కల మందు మార్చాలా, ఆపరేషన్ చేయాలా అని డాక్టరు ఆలోచించేటప్పుడు కంటి ప్రెజర్, నరం స్కాన్‌తో పాటు ఈ కాగితం కూడా చూస్తాడు, కాబట్టి అది తప్పుగా ఉంటే వైద్యమే దారి తప్పొచ్చు.

ముందు అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. చానా ఆసుపత్రుల్లో ఉండేది హంఫ్రీ మిషన్, లోపల తెల్లటి పెద్ద గిన్నె మాదిరి ఉంటుంది, మధ్యలో పసుప్పచ్చ లైటు. మీరు ఆ మధ్య లైటునే చూస్తుంటే చుట్టుపక్కల చిన్న చిన్న లైట్లు వచ్చి పోతుంటాయి, 24-2 అనే టెస్ట్‌లో అయితే 54 చోట్ల. ఒక్కో లైటు ఉండేది సెకనులో అయిదో వంతు మాత్రమే, అంటే 200 మిల్లీసెకన్లు. మన కన్ను పక్కకి తిరగడం మొదలుపెట్టేదానికే దాదాపు అంత టైమ్ పడుతుంది! అంటే మీరు తిరిగేసరికి లైటు ఆరిపోయుంటుంది, వెతికి ఏం లాభం లేదు, పైగా తర్వాతి లైటు వచ్చేటప్పటికి కన్ను మధ్యలో లేదు కాబట్టి మిషన్ ఒక చోట అనుకుని వేసిన లైటు మీ కంట్లో ఇంకో చోట పడుతుంది, చూపు పోయిన మచ్చ ఒక చోట ఉంటే కాగితంలో ఇంకో చోట పడొచ్చు, లేదా చెదిరిపోయి కనపడకుండానే పోవచ్చు. ఈ ముక్క నాయనకి బాగా అర్థమయ్యేలా చెప్పినాకనే ఆయన వెతకడం మానుకున్నాడు, ఊరికే కదలొద్దు కదలొద్దు అంటే ఎవరికీ ఎక్కదు.

ఇంట్లో బుడ్డలతో ప్రాక్టీస్

ముందు రోజు ఇది చేయండి. తెల్ల కాగితం మీద రెండు బుడ్డ గింజలు, అదే వేరుశనగ గింజలు, పక్కపక్కనే 8 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. ఎడమ కన్ను మూసుకుని, కుడి కన్నుతో ఎడమ పక్క గింజనే చూస్తూ, కాగితానికి ఒక అడుగు దూరంలో మొగం పెట్టి మెల్లగా ముందుకీ వెనక్కీ జరపండి. ఒక దగ్గర కుడి పక్క గింజ మాయమైపోతుంది. అది జబ్బు కాదు, అందరికీ ఉండేదే, నరం కంట్లోకి వచ్చే చోట చూపు ఉండదు. ఎడమ కన్నుకి చేసేటప్పుడు కుడి పక్క గింజని చూడాల. కన్ను రవ్వంత కదిలినా మాయమైన గింజ మళ్ళా కనపడుతుంది, అదే మీకు గురువు, పది లెక్కబెట్టేదాకా గింజని మాయంగానే ఉంచగలిగితే టెస్ట్‌కి కావాల్సిన నిలకడ ఎట్లుంటుందో తెలిసిపోతుంది. మిషన్ కూడా మిమ్మల్ని ఇట్లనే పట్టుకుంటుంది, మధ్య మధ్యలో ఆ గుడ్డి చోటులోనే ఒక లైటు వేస్తుంది, మీరు మధ్యలోకే చూస్తుంటే అది కనపడకూడదు, నొక్కినారంటే కన్ను పక్కకి పోయిందని లెక్క రాసుకుంటుంది.

ఆసుపత్రికి పోయేటప్పుడు

పాత ఫీల్డ్ కాగితాలు, కళ్ళద్దాలు తీసుకుపోండి. సుగర్ ఉన్నోళ్ళు ఏమన్నా తినే కూచోండి. రోజూ వేసే చుక్కలు మీరే ఆపొద్దు. కంటి పాప పెద్దది చేసే చుక్కలు వేయబోతే ఫీల్డ్ అయిందా లేదా అని ఒక మాట అడగండి, మామూలుగా ఫీల్డ్ ముందే చేస్తారు.

ఇంకోటి, వయసు. మన పక్క పెద్దోళ్ళ ఆధార్‌లో చానా మందికి జనవరి 1 అని పడుంటుంది, ఏడాది కూడా అంచనాగా వేసిందే. మిషన్ ఆ వయసోళ్ళకి ఉండాల్సిన చూపుతో పోల్చి చెప్తుంది, దగ్గర చూపుకని టెస్ట్‌లో కంటి ముందు పెట్టే అద్దం కూడా వయసు లెక్కన మారుతుంది, కాబట్టి అసలు వయసుకి పదేళ్ళు తేడా ఉంటే టెక్నీషియన్‌కి చెప్పండి.

మిషన్ ముందు కూచున్నాక

మొదట సుఖంగా కూచోవాల. గడ్డం పెట్టే పలక ఎత్తు సరిగ్గా లేక మెడ సాగదీసుకుని కూచుంటే మూడు నిమిషాలకే తల జారుతుంది, తల జారితే కన్ను జారినట్టే. స్టూలు ఎత్తు మార్చమని అడగండి, మొహమాటపడొద్దు. నుదురు పట్టీకి ఆనించే ఉంచాల, వెనక్కి జరిగితే అద్దం అంచు అడ్డొచ్చి చుట్టూ నల్లగా పడుతుంది. పైరెప్ప వాలిపోయుంటే పై భాగం చూపు పోయినట్టు వస్తుంది, చిన్న టేప్ వేసి రెప్ప ఎత్తి పెట్టమని చెప్పండి.

ఒక కన్ను మూసి ఇంకో కన్నుకి చేస్తారు. మధ్య పసుపు లైటు మీదనే చూపు పెట్టాల, గుచ్చి గుచ్చి కాదు, మామూలుగా. కన్ను ఎంత నిలిపినా లోపల సన్నటి కదలికలు ఉంటానే ఉంటాయి, అది ప్రతి మనిషికీ ఉండేదే, దానికి భయపడొద్దు. రెప్ప కొట్టొచ్చు! నాయన మొదటిసారి రెప్ప కొట్టకూడదేమో అని కండ్లు పెద్దవి చేసుకుని కూచున్నాడంట, నీళ్ళు కారి అంతా మసకయింది. బటన్ నొక్కేటప్పుడే రెప్ప కొట్టడం అలవాటు చేసుకోండి, అప్పుడు లైటేదీ పోదు.

నొక్కడం గురించి. పక్కన ఎక్కడో లైటు మిణుకుమన్నట్టు అనిపించినా నొక్కొచ్చు, ఎంత మసగ్గా ఉన్నా సరే. కానీ వస్తుందిలే అని అంచనాగా, తాళం వేసినట్టు నొక్కొద్దు. చూపు బాగుండే మనిషికి కూడా దాదాపు సగం లైట్లు కనపడవు, మిషన్ కావాలనే లైటు తగ్గించుకుంటూ మీకు కనపడని హద్దు యాడుందో వెతుకుతుంది, కాబట్టి చానా సేపు ఏమీ కనపడకపోతే ఫెయిలయినానని కంగారుపడొద్దు. ఇది పరీక్ష కాదు, మార్కులు లేవు. నా లెక్కలో అన్నిటికంటే చెడ్డది ఈ ఉత్తుత్తి నొక్కుడే, ఎందుకంటే అది పోయిన చూపుని ఉన్నట్టు చూపించి జబ్బుని దాచిపెడుతుంది.

అలసిపోతే బటన్ నొక్కి అట్లనే పట్టుకోండి, హంఫ్రీలో టెస్ట్ ఆగుతుంది, వదిలితే మళ్ళా మొదలవుతుంది. ఒక కన్ను అయినాక అయిదు నిమిషాలు బయట కూచుని నీళ్ళు తాగి రెండోది చేయించుకుంటే ఇంకా మంచిది.

కాగితం చేతికొచ్చినాక

పైన ఎడమ పక్క చూడండి. ఫిక్సేషన్ లాసెస్ అనే దగ్గర 2/14 మాదిరి ఉంటుంది, అంటే గుడ్డి చోటులో 14 సార్లు లైటు వేస్తే 2 సార్లు నొక్కినారని. 20 శాతం దాటితే పక్కన రెండు ఇంటూ గుర్తులు పడతాయి. అవి పడినంత మాత్రాన కన్ను కదిలిందనే కాదు, మొదట్లో గుడ్డి చోటు తప్పుగా గుర్తుపట్టినా, తల వంగినా పడతాయి, అందుకే టెస్ట్ జరుగుతుండంగానే ఎక్కువ వస్తుంటే ఆపి మళ్ళా చూడమని అడగొచ్చు. ఫాల్స్ పాజిటివ్ అంటే ఉత్తుత్తి నొక్కుడు, అది 15 శాతం దాటితే అనుమానించాల్సిందే. ఫాల్స్ నెగటివ్ అంటే అంతకుముందు చూసిన చోటే ఇంకా ఎక్కువ వెలుగుండే లైటు వేసినా నొక్కకపోవడం, అలసటకి వస్తుంది, జబ్బు ముదిరినోళ్ళకి వాళ్ళ తప్పు లేకుండా కూడా వస్తుంది. కింద గీత మాదిరి గ్రాఫ్ ఉంటే, పైకి లేచిన గీతలు కన్ను కదిలినప్పటివి, కిందికి దిగినవి రెప్ప కొట్టడం లాంటి వాటికి కన్ను మిషన్‌కి దొరకనప్పటివి.

ఇవి చూసి మీరే తీర్పు చెప్పుకోవద్దు, డాక్టర్ని అడగడానికి పనికొస్తాయి, “ఇది నమ్మొచ్చా సార్, ఇంకోసారి చేయించాలా” అని. మొదటి టెస్ట్ బాగా రాకపోవడం చానా మామూలు, రెండోదీ మూడోదీ అలవాటు మీద బాగుపడతాయి, ఏదన్నా కొత్త మచ్చ కనపడినా మళ్ళా టెస్ట్ చేసి అదే చోట వస్తేనే నమ్ముతారు. నాయనకి నెల తిరిగినాక బుడ్డల ప్రాక్టీస్ చేయించి తీసుకుపోతే 14లో 1 వచ్చింది, కుడి కన్నులో పై పక్క ఒక మచ్చ మాత్రం నిజంగానే ఉంది, డాక్టరు ఆ రోజే చుక్కలు మార్చినాడు. అప్పట్నుంచి ప్రతిసారీ అదే 24-2, అదే పద్ధతిలో చేయించి, కాగితాలు తేదీ వరసలో రేషన్ కార్డు పెట్టే ప్లాస్టిక్ కవర్లోనే పెట్టుకుంటున్నాం.